పన్నెండు పడ్డదన్నందుకు

నిజం చెప్పినందుకు ఒక కుటుంబాన్ని రైలు నుండి దించివేశారు. వారి వద్ద టికెట్లు ఉన్నవి. అవి సరైన టికెట్లే. ఈ సీమలో పసిబిడ్డ తల్లి కూడా ఎరిగిన మాట ఒకటి, ఈ సీమలో తిరిగే రైలులో జీతం తీసుకొనే ఉద్యోగికి అర్థం కాలేదు. అర్థం చేసుకొనవలసిన అవసరమూ ఆయనకు తోచలేదు. రెండేండ్లయినది. జవాబుదారీ ఎవరూ వహించలేదు.

ఆ ఇల్లాలి పేరు యాదమ్మ. పుట్టినది ఇటిక్యాల వైపు, మెట్టినది మల్దకల్. భర్త మద్దిలేటి అక్కడ చెలక కౌలుకు చేస్తాడు. వానపడితే జొన్న, ఆముదం. పడకపోతే ఇద్దరూ కూలి. పెద్దబిడ్డ కడుపులో ఉండగా అలంపురం అమ్మవారిని తలచుకొన్నది గనుక ఆ పిల్లకు జోగులమ్మ అని పేరు పెట్టుకొన్నారు. పేరైతే పెట్టారు గాని, ఆ పిల్లను అమ్మవారి యెదుటికి తీసుకొని పోవడం ఏ యేడూ పడలేదు. తరువాత ఇద్దరు కొడుకులు పుట్టారు. ఒకరు పోతే ఒకరు ఇంట్లో ఉండాలి, లేదా అందరి ఖర్చూ ఒక్కసారి భరించాలి. ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కరోజు తుంగభద్రలో మునిగి, అమ్మవారిని చూచి రావాలన్నది ఆమె కోరిక. ఇంతకన్న పెద్ద కోరిక ఆమె పొరుగింట ఉండే నా యెదుట ఎన్నడూ చెప్పలేదు.

శివరాత్రి జాతరకు రైలువారు రాకపోకలకు కలిపి తగ్గింపు టికెట్టు ఇస్తారని గద్వాల బజారులో విన్నప్పటి నుండి యాదమ్మ దాని వెంట పడ్డది. కోసిన చేలలో రాలిన ఆముదపు గింజలు ఏరి, ఆరబెట్టి, అమ్ముకొన్నది. చిన్నకొడుకు ఒళ్లోవాడు గనుక వానికి టికెట్టు లేదు. నడిపివానికి, జోగులమ్మకు అర టికెట్లు. స్టేషను వద్ద బండీ ఎద్దులూ చూచేవారు లేరు గనుక మల్దకల్ నుండి గద్వాల వరకు నడక. దారికి జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, మిరపకారం. జాతరలో బత్తీస మిఠాయిలు కొనిపెట్టమని పిల్లలు మారాం చేస్తారని తెలిసి, ఇంట్లోనే బెల్లం కలిపిన పేలపిండి మూట కట్టింది.

మద్దిలేటికి ఇదంతా వేడుకగా ఉండేది.

"పైకం కట్టి రైల్ల నిలబడి పోవుడేందే? మన బండి కడితే కూసోని పోదుము గద."

"నీ ఎద్దులు అలంపురం చేరేటాల్లకు శివరాత్రి పోయి ఉగాది వస్తది" అన్నదట యాదమ్మ. "ఈ యేడే పోవాలె. వచ్చే యేటికి జోగులమ్మకు నిండు టికెట్టు పడ్తది. అప్పుడు నిన్ను ఇంటికాడ ఇడిసిపెట్టి పోవాలె."

"ఇడిసిపెట్టు. రొట్టెలు చేసిపెట్టి పో."

ఇప్పుడు ఆ మాట సంగతి చెప్పాలి. మా పాలమూరు వైపు వయస్సు అడిగితే నడుస్తున్న యేడును చెబుతాము. బిడ్డ భూమి మీద పడ్డనాడే ఒకటి పడ్డది అంటాము. పదకొండు నిండిన మరునాటి నుండి పన్నెండు పడ్డది అంటాము. ఆ పన్నెండు నిండడానికి ఇంకా యేడాది ఉంటుంది. రైలువారి నియమం పన్నెండు నిండనివారికి అర టికెట్టు. జోగులమ్మకు ఆ దసరాకే పదకొండు నిండినవి. గద్వాలలో టికెట్లిచ్చిన గుమాస్తా అనంతయ్య ఇక్కడివాడు గనుక, "ఎన్ని నిండినయమ్మా?" అని అడిగాడు. పదకొండు అన్నది. అర టికెట్టు కోసి ఇచ్చాడు. అక్కడ ఏ చిక్కూ లేదు.

చిక్కు నడుమ వచ్చింది. పట్నం నుండి వచ్చిన టికెట్ల తనిఖీదారు పెట్టెలోకి ఎక్కి, కిటికీ వద్ద కూర్చున్న పిల్లను చూచాడు. పిల్ల పొడుగరి, తండ్రి పోలిక.

"పోరి ఉమర్ ఎంత?"

"పన్నెండు పడ్డది సారూ" అన్నది యాదమ్మ, సంతోషంగానే. "వచ్చే యేడు నిండు టికెట్టే గద, గందుకే ఇప్పుడు అందరం ఎల్లినం."

"బారా సాల్ అయితే ఆధా టికెట్ ఎట్ల తీసినవ్?"

"నిండలే సారూ. పడ్డది."

"పడ్డదో లేసిందో నాకు తెల్వదు. పన్నెండు అన్నవా, లేదా?"

"అన్న."

"అయిపాయె."

పెట్టెలో కొందరు నవ్వారు. వారిలో పాలమూరువారూ ఉన్నారు. ఆ మాటకు అర్థం వారికి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. మద్దిలేటి చేతులు జోడించాడు. తక్కువైన చార్జీ, దానిపై జరిమానా కట్టమన్నాడు తనిఖీదారు. వారు తెచ్చుకొన్నది దానికి చాలదు. తరువాతి స్టేషనులో అయిదుగురినీ దించి, తిరుగు ప్రయాణపు టికెట్లు కూడా గుంజుకొని, రైలు పోనిచ్చారు.

ఇంకా పొద్దెక్కలేదు. జాతరకు పోయే బండ్లు పక్క బాటనే పోతున్నవి. నడిచి పోదామన్నాడు మద్దిలేటి. పోతే మళ్లీ మల్దకల్ దాకా నడిచే రావాలి, చంటివాడు, నడిపివాడు అంత దూరం ఓర్వలేరు. యాదమ్మ వెనుకకు తిరిగింది.

దారిలో జోగులమ్మ అడిగిందట: "నేను జర చిన్నగ కూసుంటే అయిపోతుండె గదనే అవ్వా?"

"నువ్వు చిన్నగ కూసునుడేంది బిడ్డా. నేను నోరు మూసుకోవాల్సింది" అన్నది తల్లి.

ఆనాటి నుండి యాదమ్మ ఎవరి వయస్సూ చెప్పదు. దవాఖానలో అడిగితే తెల్వదు అంటుంది. జనాభా వ్రాసుకొనేవారు వచ్చినా తెల్వదు అన్నది. బిడ్డల వయస్సు కూడా ఎరుగని మూఢురాలని వారు చెప్పుకొని పోయారు. ఏ బిడ్డ ఏ కార్తెలో పుట్టిందో, ఆనాడు చెలకలో ఏ పంట ఉన్నదో ఆమెను అడిగి చూడండి.

నేను పై అధికారులకు అర్జీ పెట్టాను. తొమ్మిది నెలల తరువాత జవాబు వచ్చింది. నా వద్ద ఉన్నది. పిల్లకు పన్నెండేండ్లని తల్లి తానే ఒప్పుకొన్నది గనుక విచారించవలసినదేమీ లేదట. ఒప్పుకొన్నది! నేరం చేసినవారు ఒప్పుకొంటారు. యాదమ్మ చెప్పింది. అనంతయ్య సాక్ష్యమిస్తానన్నాడు, అతణ్ణి ఎవరూ పిలువలేదు. జోగులమ్మకు ఇప్పుడు పదమూడు నిండినవి. ఆ యేడు మరి రాదు.

కాబట్టి అయ్యలారా, రైలును నడిపించేవారా, ఆ జవాబు కింద వ్రాలు చేసినవారా, మీ దయ నాకు అక్కరలేదు. వచ్చే శివరాత్రికి మల్దకల్ మద్దిలేటి కుటుంబానికి అలంపురానికి పోయి వచ్చే టికెట్లు మీ ఖర్చుతో ఇవ్వండి. అందులో జోగులమ్మది అర టికెట్టే కావాలి, ఆమెకు ఎన్నేండ్లు నిండినా సరే. ఆ టికెట్టును మీ తనిఖీదారు తన చేతితో యాదమ్మకు అందించాలి.