పేరు లేని పిలుపు

"ఈడే ఉండా, వస్తాండా!" అంటూ ఆమె కూలిన బురుజు వైపు పరుగెత్తింది. గైడ్ వెంటపడి చేయి పట్టుకున్నాడు. ఇంకాస్త ముందుకు పోయుంటే కింద లోయే.

ఎమ్మిగనూరులో మా వీధివాళ్లం బస్సు మాట్లాడుకుని, ఆదోని కోట చూసి సాయంత్రానికి తిరిగి రావాలని వెళ్లాం. ఆమె మా పక్కింట్లో అద్దెకుంటుంది. సొంతూరు కోసిగి. భర్త మిరపకోతలకు గుంటూరు వైపు పోయాడు. తోటి కూలీలు తిరిగొచ్చారు కానీ అతను రాలేదు.

కొండెక్కే ముందు ఆదోనివాడైన గైడ్ చెప్పాడు: "పైన మాట గోడలకు తగిలి యాడాడో ఇనపడతాదప్పా. ఆడోళ్లను పేరు పెట్టి పిలవండి."

"పేరు పెట్టి పిలిస్తే మాకు సంగటి పెట్టరన్నా!" అన్నాడొక మగ్గం నేసేవాడు. అందరూ నవ్వారు. మా వైపు భార్యను పేరుతో పిలిచే మగవాడు అరుదు. 'మే' అంటే చాలు.

పైన ఆ పిలుపు నేనూ విన్నాను. "మే, యాడుండావు?" అని, కాస్త బొంగురుగా, ఒక మగగొంతు. మా ఆడవాళ్లు చాలామంది వెనక్కి తిరిగి చూశారు. పలికింది మాత్రం ఆమె ఒక్కతే.

గైడ్ ఆమెను రాతిమీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "మీవోళ్లే ఎవురో పిలిసింటారు లేమ్మా."

"ఆయప్ప గొంతు నాకు తెలీదా అన్నా?" అందామె.

బస్సులో మగవాళ్లందరినీ అడిగాను. పిలిచింది తానేనని ఎవరూ అనలేదు. ఆమె భర్త ఇప్పటికీ రాలేదు.