అవ్వ మందు చీటీ... నా ఇంగ్లీషు మార్కులు

మా చిన్నప్పుడు... తెలకపల్లిలో ఇంగ్లీషు పరీక్షంటే మేం చదివేవాళ్లం కాదు, వెతికేవాళ్లం!

ఆ విద్య మాకు పై తరగతి వాళ్లు నేర్పింది. ప్రశ్నపత్రంలో ఒక పేరా ఇచ్చి కింద ఐదు ప్రశ్నలు అడుగుతారు కదా... ప్రశ్నలో పెద్ద మాట ఏదో చూసుకోవాలి. అదే మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి వెతకాలి. దొరికిందా... ఆ లైను మొత్తం దించేయాలి. అర్థంతో పనేముంది? ఐదుకు ఐదు మార్కులు! మా ఎనిమిదో తరగతిలో నా వేలికున్న చురుకు ఇంకెవరి వేలికీ లేదు.

మా నాయినకు ఎంత గర్వమో. పత్తి చేలో ఎవరు కలిసినా "మా బిడ్డ ఇంగ్లీషుల ఫస్టు" అనేవాడు. నాకూ కాస్త పొగరు ఉండేది లెండి... దాచడమెందుకు.

ఆ ఏడాది వానాకాలంలో అవ్వ, అంటే నాయిన తల్లి, కళ్లు తిరిగి పడిపోతే నాగర్‌కర్నూల్ దవాఖానాకు తీసుకుపోయారు. బీపీ అన్నారు. మూడు రోజుల తర్వాత ఇంటికి తెచ్చారు... ఒక గోలీల సంచి, ఒక చీటీ. చీటీ నిండా ఇంగ్లీషే.

"దవాఖానల జెప్పిండ్రు గని, బస్సెక్కే తొందర్ల ఏ గోలి ఎప్పుడేసుడో మర్సిపోయిన. జర నువ్ సదువు బిడ్డా" అన్నాడు నాయిన.

పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరి దాకా గడగడా చదివేశాను. అవ్వ నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

"మంచిగ సదివినవ్. బీపీ గోలి ఎప్పుడెయ్యాలె మరి?"

అలవాటు ఎక్కడికి పోతుంది... వేలు పెట్టి వెతికాను. బీపీ అన్న మాట దొరికింది. ఆ లైనును ఇంకా గట్టిగా ఇంగ్లీషులోనే చదివి, "గిదే జవాబు నాయినా" అన్నాను.

"జవాబు సరే బిడ్డా... తెలుగుల జెప్పు."

తెల్వదు అనే చిన్న మాట అప్పుడు నోట్లోంచి వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! రాలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా గోలీలు రెండు పూటలా వేసుకునేవాళ్లు. అదే గుర్తొచ్చింది.

"రెండు పూటలా... అన్నం తిన్నంక" అనేశాను.

ఆ సాయంత్రం అన్నం తిని అవ్వ ఒక గోలి మింగింది. ఆ పొద్దున దవాఖానాలోనే ఒకటి వేశారని ఎవరికీ యాదికి లేదు.

మర్నాడు పొద్దున అవ్వ మంచం దిగబోయి, గోడ పట్టుకుని కూలబడింది. "ఏం లేదు బిడ్డా, జర తల తిరుగుతున్నది" అని నవ్వింది. రొట్టె ముక్క తిని, సంచి తెరిచి, గోలి అరచేతిలో పెట్టుకుంది... నేను చెప్పిన గోలి.

ఉరికిపోయి ఆ చేయి పట్టుకున్నాను.

"ఏసుకోకు అవ్వా! నేను ఉత్తగనే జెప్పిన. నాకు సదువుడొస్తది గని అర్థం తెల్వదు!"

వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ తిట్టలేదు. ఏమాత్రం వెటకారం లేకుండా, నిజంగానే అర్థం కాక అడిగింది.

"మరి గన్ని మార్కులెట్లొచ్చినయి బిడ్డా?"

అవ్వ చేతిలోని గోలి తీసి మళ్లీ సంచిలో వేశాను.

నాయిన చీటీ జేబులో పెట్టుకుని, నన్ను సైకిలెక్కించుకుని మా ఇంగ్లీషు మాస్టారు ఖాజా సార్ ఇంటికి తీసుకుపోయాడు. సార్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి చీటీ చదివారు. నిన్న పొద్దున దవాఖానాలో కూడా ఒకటి వేశారని నాయినకు అప్పుడు యాదికొచ్చి చెప్పాడు.

"గిది రోజుకొక్కటే, పొద్దున. నిన్న రెండేసిండ్రా? అయితే ఇయ్యాల ఏసే ముందు దవాఖానకు తీస్కపోయి సూపియ్యున్రి."

అప్పుడు నాయిన కోపంగా నా వైపు తిరిగాడు. సార్ అడ్డొచ్చారు. "పిల్లనేం అనకు. లైను దించితే మార్కులేసింది నేనే గద. తప్పు నాది."

దవాఖానాకు తీసుకుపోయి చూపించాం, అవ్వకు ఏమీ కాలేదు... దేవుడి దయ. కానీ మా బడిలో పద్ధతి మారింది. ఇంట్లోంచి ఏదో ఒక ఇంగ్లీషు కాయితం తెమ్మనేవారు సార్. ఎరువు సంచి ముక్క, సబ్బు మీది కాయితం, పురుగుమందు డబ్బాలోది... ఏదైనా సరే. దాన్ని "మీ అమ్మకు జెప్పినట్లు జెప్పు" అనేవారు. తెలియకపోతే తెల్వదు అనాలి. అలా ధైర్యంగా అన్నందుకు కూడా ఒక మార్కు! మొదటి నెలంతా నాకొచ్చినవి పాపం ఆ మార్కులే.

ఆ తర్వాత అవ్వకు కొత్త చీటీ రాసిచ్చినప్పుడు, నాయిన దాన్ని నేరుగా సార్ దగ్గరికి తీసుకుపోబోయాడు. అవ్వ లాక్కుని నా చేతిలో పెట్టింది. "నా మనుమరాలికి తెల్వకుంటే తెల్వదంటది. ఇంగ భయమేంది?" అంది.

ఫస్టు వచ్చిన రోజుల్లో కూడా నన్ను ఎవరూ అంత నమ్మలేదు...

ఇప్పుడు ఫోన్ చూపిస్తే చాలు, ఏ చీటీ అయినా తెలుగులోకి మారిపోతుంది. మంచిదే. కానీ పిల్లల చుట్టూ కూర్చుని చదివించుకునే వాళ్లే లేరు. మొన్న మా పాప ఇంగ్లీషులో ఇరవైకి ఇరవై అని పేపరు చూపించింది. ఆ పేరాలో ఏముందో తెలుగులో చెప్పమన్నాను. మెల్లగా "తెల్వదమ్మా" అంది.

దగ్గరికి తీసుకుని మెటికలు విరిచాను. అవ్వ ఉంటే ఆ పనే చేసేది.

మీ ఇంట్లో మీ చేత మొదట చదివించిన ఇంగ్లీషు కాయితం ఏది? నిజంగా అర్థమైందా... నాలాగేనా? చెప్పండి. ఇక్కడ తెల్వదు అన్నా ఒక మార్కు ఉంది.