వంకలు కరువైన వెర్నా

కెనడాలోని మూస్ జా ఊళ్లో స్కూలు బస్సులు బాగుచేసే షెడ్డులో చాలా ఏళ్లు పనిచేసిన వెర్నా నాటియుక్‌కు నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, ఓర్పు మాత్రం బొత్తిగా లేదు. భర్త పోయాక తోచుబడి కాక కార్ల పందెం వీడియో గేమ్ పట్టుకుంది. అదే పిచ్చి ఉన్నవాళ్లు ఊళ్లో మరో ఐదారుగురు దొరికారు. నెలకో ఆదివారం, మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బు పైగదిలో చేరి పెద్ద టీవీ మీద ఆడేవారు. ఓడినవాళ్లను వెర్నా ఎంతగా ఏడిపించేదంటే, చివరికి వాళ్లూ నవ్వేసేవారు.

నిరుడు చలికాలంలో పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి సగం పడిపోయింది. ఇక పందెంలో కారు మలుపు మలుపుకీ గోడను గుద్దేది. అయినా అంత తేలిగ్గా వదిలే మనిషా? ఆ గేమ్‌లోనే ఫొటోలు తీసుకునే ఏర్పాటు ఉంది. మీట నొక్కితే పందెం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కెమెరాను కారు చుట్టూ తిప్పుకుని, వెలుగు చూసుకుని, తీరిగ్గా ఫొటో తీయవచ్చు. పరుగెత్తే లోకం తన చేతి కోసం ఆగి నిలబడటం ఆమెకు ఎంతో నచ్చింది.

ఫొటోల విషయంలో ఆ గుంపుకు ఒక పద్ధతి ఉంది. ఎవరు చూపించినా, తక్కినవాళ్లు రెండు మంచిమాటలు చెప్పి ఒక వంక పెట్టాలి. వెర్నా ఫొటో వచ్చేసరికి మాత్రం అందరి నోళ్లూ తేనె కార్చేవి, వంకలు కరువయ్యేవి. మొదట్లో మురిసిపోయింది. పోనుపోను ఒళ్లు మండింది. వీళ్లు చూస్తున్నది తన ఫొటోను కాదు, తన చేతిని.

అందుకే మార్చిలో కావాలనే ఒక దిక్కుమాలిన ఫొటో పట్టుకెళ్లింది. అందులో రోడ్డు ఒక పక్కకు ఒరిగిపోయింది, బంపరు సగం తెగిపోయింది, కారు నెత్తిన దీపస్తంభం మొలిచింది.

"అబ్బ, ఎంత బాగుందో అక్కా!" అంది క్లబ్బు తాళాలు చూసుకునే లూసిల్, బటర్ టార్టులనే తీపి బిళ్లలు పంచుతూ. "ఆ రంగు చూడు, కళ్లు తిప్పుకోలేకపోతున్నా."

"మరి వంక?"

"బంగారంలా ఉంటే వంకేంటక్కా!"

వెర్నాకు ఏడుపొచ్చినంత పనైంది. మూలన గోర్డ్ కూర్చుని ఉన్నాడు. పాత ట్రాక్టర్లు అమ్ముకునే ఆ మనిషికి ఒకప్పుడు పందేల్లో ఆమె చేతిలో ఓడటం, ఓడి పోట్లాడటం మామూలే. "నువ్వు చెప్పవోయ్," అంది వెర్నా.

"నిజం చెప్పనా? ఇంత చెత్త ఫొటో నా జన్మలో చూళ్లేదు. కారుకి కొమ్ము మొలిచిందేంటి? నువ్వే తీశావా, మీ పిల్లి తీసిందా?"

"గోర్డ్!" లూసిల్ కసిరింది. "ఆమె పరిస్థితేంటి, నీ మాటలేంటి?"

"చెయ్యి పడిపోతే కళ్లు కూడా పోయాయా ఏంటి?"

అందరూ బిక్కచచ్చిపోయారు. వెర్నా ఒక్కతే పకపకా నవ్వింది. "హమ్మయ్య, ఒక్కడికైనా నోరు పనిచేస్తోంది!" అంటూ అసలు ఫొటో తెర మీద పెట్టింది. వాన వెలిసిన రోడ్డు, సాయంత్రపు ఎండ, మలుపులో దూసుకొస్తున్న పసుపు కారు. వారం రోజులు కూర్చుని తీసింది.

గోర్డ్ లేచి టీవీ దగ్గరికి వెళ్లాడు. "వెలుగు బాగుంది. మలుపులో పట్టుకున్న తీరు ఇంకా బాగుంది. కానీ చక్రాలు చూడు, చువ్వలు లెక్కపెట్టొచ్చు. ఇంత వేగంగా వచ్చే కారుకి చక్రాలు తిరగవా? తోసి నిలబెట్టిన బండిలా ఉంది. కెమెరా షట్టర్ నిదానం చెయ్యాలి, అప్పుడు చువ్వలు చెదిరి చక్రం తిరుగుతున్నట్టుంటుంది."

వెర్నా ముఖం మాడిపోయింది. ఇది కావాలని చేసిన తప్పు కాదు. వారం రోజులు చూసినా తన కంటికే ఆనలేదు. చురుక్కుమంది, ఆ వెంటనే ప్రాణం లేచివచ్చింది. తోటి ఆటగాడితో మాట్లాడినట్టు తనతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయింది!

దాచుకున్న పందెం మళ్లీ తెరిచి, ఎడమచేత్తో ఒక్కో మీటా నొక్కసాగింది.

"ఇలా ఇవ్వక్కా, నేను చేస్తా," అంది లూసిల్.

"ముట్టుకున్నావంటే టార్టు నెత్తిన కొడతా!"

ఎవరూ తొందరపెట్టలేదు. చాలాసేపటికి చక్రాల చువ్వలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. కారు కదిలింది.

"ఇప్పుడు?" అంది వెర్నా.

గోర్డ్ తలూపాడు. లూసిల్ ఒకసారి తెర వంక, ఒకసారి వెర్నా వంక చూసి గొంతు సవరించుకుంది. "అక్కా, ఏమీ అనుకోకు. ఆ పసుపు మరీ గుడ్డుసొనలా ఉంది."

"అలా రా దారికి! చెప్పు తల్లీ, ఇంకా చెప్పు," అంది వెర్నా, కళ్లు తుడుచుకుంటూ.