దాతలు లేరు

ఆ ఆసుపత్రిలో ఆయన్ని పిసినారి అనేవారు. డబ్బు దగ్గర కాదు, కంప్యూటరు దగ్గర. రక్తదాతల ప్రోగ్రాం రాసిన రోజుల్లో మెమరీని ఉగ్గుగిన్నెతో పోసినట్టు వాడాడు. దాతల జాబితా ఉండే ఫైలు ఎంత పొడవుందో రాసుకునే చోటుని కొద్ది అంకెలకే సరిపెట్టాడు. "ఇంత చాలదూ? ఫైలేమన్నా ఏనుగవుతుందా?" అని నవ్వేవాడు. ఆయన రిటైరైనా ఆ ప్రోగ్రామే నడుస్తోంది.

ఇవాళ ఆయన కూతురు, కాన్పులో నెత్తురు ఆగక, పై అంతస్తులో ఉంది. అరుదైన గ్రూపు, నిల్వ లేదు; ఇలాంటప్పుడే దాతల జాబితా వెతుకుతారు. రక్తనిధి కౌంటరులో కూర్చునే ఆమెను అందరూ అక్కయ్యంటారు. గ్రూపు కొట్టి, తెర చూసి, తల అడ్డంగా ఊపింది.

"లేరంటోంది బాబాయ్."

"ఒక్కరూ లేకపోవడమేంటమ్మా? మళ్ళీ కొట్టు."

మళ్ళీ అదే మాట. ఆమెను లేపి తనే కూర్చున్నాడు. అసలు సిస్టం ఏమంటోందో తవ్వి చూశాడు. అది లేరనడం లేదు. ఈ ఫైలు పొడవు నువ్విచ్చిన చోట్లో పట్టదు, తెరవనంటోంది. దాతల కార్డుల ఫొటోలు చేర్చీ చేర్చీ ఫైలు ఏనుగే అయింది. ఏ కారణంతో తెరుచుకోకపోయినా 'దాతలు లేరు' అని చూపించమని రాసింది ఆయనే. ఒక్కో తప్పుకి ఒక్కో మాట దండగనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోను మోగింది. అల్లుడు.

"మామయ్యా, డాక్టరుగారు తొందరపెడుతున్నారు. ఎవరన్నా దొరికారా?"

"చూస్తున్నానయ్యా" అని ఫోను పెట్టేశాడు.

పొడవు దాచే చోటు పెద్దది చేశాడు. పెద్ద ఫైళ్ళు కూడా చదవగలనని సిస్టానికి చెప్పే మాట చేర్చి, ప్రోగ్రాంని మళ్ళీ తయారుచేశాడు. కంగారులో ఎక్కడో చుక్క మరిచాడు, అది మొరాయించింది. దిద్దాడు. ఈసారి తెర మీద పేర్లు వరసగా దిగాయి. మొదటి నంబరుకి ఫోను చేస్తే ఎవరో లారీ డ్రైవరు, "ఊళ్ళోనే ఉన్నానండీ, వచ్చేస్తున్నా" అన్నాడు.

ఆయన బావురుమన్నాడు. "నా తల్లి బతుకుతుందమ్మా!"

అక్కయ్య తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఇదెప్పట్నించి తెరుచుకోవట్లేదు బాబాయ్?"

ఫైలు పెరిగిన తేదీలు చూశాడు. "ఈ ఎండాకాలం నించమ్మా."

"మా తమ్ముడిదీ ఇదే గ్రూపు. వానలు మొదలయ్యాక, రక్తం అందక పోయాడు. ఎవరూ లేరని అమ్మకి నేనే చదివి చెప్పాను."