మైకు మూగబోయిన బాగోతం

1996 వానాకాలం మొదట్లో నన్ను ముంబై దగ్గరి భివండికి బదిలీ చేశారు. విద్యుత్ శాఖలో జూనియర్ ఇంజనీరును. పద్మనగర్ వైపు లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కొత్త కనెక్షన్లు నా సెక్షన్ కిందికి వచ్చేవి. నేను పుట్టి పెరిగింది షోలాపూర్ తెలుగువాళ్ల మధ్య. ఆఫీసులో మరాఠీ, ఇంట్లో తెలుగు. అందుకే కాబోలు, పద్మనగర్ ఫిర్యాదులన్నీ నా టేబుల్ మీదికే తోసేవారు.

భివండి చూడనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఊరంతా మరాఠీ, హిందీ, ఉర్దూ. నడుమ పద్మనగర్ ఒక చిన్న తెలుగు ద్వీపం, చుట్టూ సముద్రానికి బదులు పవర్‌లూమ్ షెడ్లు. పవర్‌లూమ్‌ను, అంటే మరమగ్గాన్ని, అక్కడివాళ్లు సాంచ అంటారు. సాంచలు నడిపేవాళ్లకు కళలేమిటని మా ఆఫీసులో ఎగతాళి చేసేవారు. నాకు ఒళ్లు మండేది. ఆ గల్లీల్లో ఏం లేవని? బాగోతం జట్టు, భజన మండలి, బతుకమ్మకు కొత్త పాటలు కట్టే ఆడవాళ్లు, దుకాణాల బోర్డులు రాస్తూనే నాటకం తెరలు గీసే పెయింటర్లు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించే దావీదు శుక్రవారం బాగోతానికి వాయించేవాడు. ఎవరికీ జీతం లేదు, ఎవరూ మానుకోనూ లేదు. మా ఆఫీసర్లకూ ఒక క్లబ్బు ఉండేది. అందులో పేకాట తప్ప ఇంకేమీ ఆడిన పాపాన పోలేదు.

బాగోతం జట్టుకు పెద్ద రాజవ్వ. ఆమె సాంచలకు కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు గొట్టం. మగడు పోయాక జట్టు చెదిరిపోతుంటే తానే ముఖానికి రంగేసుకుని దిగింది. ఆడది గజ్జె కట్టడమేమిటని నోరు పారేసుకున్నవాళ్లనే తీసుకొచ్చి మద్దెల దగ్గర కూర్చోబెట్టింది. కథలు కూడా వాళ్లు కట్టుకున్నవే. ఆ ఏడు ఆడింది నూలు మీద పన్నేసిన రాజు కథ.

ఆట ఆడే ఖాళీ జాగా ఒక సేటుది. సేటు అంటే సాంచల యజమాని, ఆయనా తెలుగువాడే. ఏటా బాగోతం మంగళం దాకా నడిచినన్నాళ్లూ జాగా ఆటకే అనీ, నడుమ ఆగిపోయిన ఏడు తిరిగి తమదవుతుందనీ పెద్ద సేటు కులపెద్దల ముందు మాటిచ్చాడు. ఆయన పోయాక కొడుకు నర్సింగ్ సేటుకు అక్కడ షెడ్లు వేయాలని పట్టుకుంది. తండ్రి మాటను కాదనే దమ్ము లేదు. ఇక మిగిలింది ఆట ఆగేలా చేయడమే.

రాజవ్వ పద్ధతి ప్రకారమే టెంపరరీ కనెక్షన్ తీసుకుంది. లైసెన్సున్న కాంట్రాక్టరు వైరింగు పరీక్షించి రిపోర్టు ఇచ్చాడు. ఎర్తింగు నేనే స్వయంగా చూశాను. అంతా అయ్యాక మా సబ్ డివిజన్‌కు పెద్ద అయిన డిప్యూటీ ఇంజనీరు, సేటు మాట విని, నన్ను పిలిచి, ఆట నడుమ ఏదో ఫాల్టని చెప్పి ఫ్యూజు పీకేయమన్నాడు. వైరింగులో తప్పుంటే ఇప్పుడే పీకుతాను, లేకపోతే రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు.

శుక్రవారం సాంచలకు సెలవు. మధ్యాహ్నం ఆట మొదలైంది. నేనూ వెళ్లాను. జాగా నిండిపోయి, చుట్టూ చాళ్ల, అంటే వరుస గదుల మేడల, వరండాల్లో కూడా జనం నిలబడ్డారు. రాజు వేషం అప్పుడే తెర దాటి వచ్చింది, మైకు చచ్చిపోయింది. పరుగెత్తి మీటరు బోర్డు చూశాను. ఫ్యూజు బాగానే ఉంది. అంటే ఆ గల్లీలన్నిటికీ కరెంటు తెచ్చే పెద్ద లైను, ఫీడరే ఆపారు. లైను మీద మరమ్మతు చేసేవాళ్ల ప్రాణరక్షణ కోసం పర్మిట్ అని ఒకటి ఇస్తాం. అది వెనక్కి వచ్చేదాకా ఫీడరును ఎవరూ ముట్టుకోకూడదు, నేనైనా సరే. డిప్యూటీ ఇంజనీరు మరమ్మతు పేరు చెప్పి ఆ పర్మిట్ ఇప్పించాడు. సెలవు రోజు కదా, మరమ్మతంటే కాదనేవాడెవడు? ఆ వేళ లైను మీద ఒక్క నట్టు తిప్పలేదని తర్వాత తెలిసింది.

ముందు వరుసలోంచి నర్సింగ్ సేటు లేచాడు. "ఆట బంద్ అయింది. పెద్దమనుషులు సూసిండ్రు కదా?" అన్నాడు.

సాయంత్రం దాకా కరెంటు రాదని రాజవ్వతో చెప్పాను. ఆమె నవ్వింది. "ఎవలు ఆగమన్నరు సార్? సాంచలు నడుస్తుంటే మేం మైకులు వెట్టుకొని మాట్లాడుకుంటున్నమా ఏంది? కూసోండ్రి, సూడుండ్రి."

అప్పుడు వెలిగింది నాకు. షెడ్డులో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని సాంచల దగ్గర పెదవుల కదలికతోనూ చేతి సైగలతోనూ మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగినట్టు. పొట్ట చుట్టూ చెయ్యి తిప్పితే సేటు వస్తున్నట్టు. వేషగాళ్లు ఆ సైగలతోనే ఆట అందుకున్నారు. దావీదు హార్మోనియం ముందు వరుసలకే వినపడుతోంది, వరండాల్లోవాళ్లు మాత్రం ఒక్క మాట జారవిడవడం లేదు. రాజు పన్ను వసూలుకు బయలుదేరగానే రాజవ్వ జనం వైపు తిరిగి పొట్ట చుట్టూ చెయ్యి తిప్పింది. చాళ్లు దద్దరిల్లేలా నవ్వారు. ఆ సైగ నర్సింగ్ సేటుకు తెలియదా? కుర్రతనమంతా షెడ్డులోనే గడిపాడు. లేచి వెళ్లలేక, కూర్చోలేక చెమటలు కక్కాడు. నాకు పట్టరాని సంతోషమైంది, దాచుకోలేదు కూడా.

డిప్యూటీ ఇంజనీరు ఒక లైన్‌మన్‌తో కబురంపాడు, వెంటనే ఆఫీసుకు రమ్మని. ఆట అయ్యాక వస్తానని చెప్పు అన్నాను.

మంగళం జనమంతా నిలబడి పాడారు. కులపెద్ద కర్ర ఊతంగా లేచి, "ఏడ ఆగింది? మంగళం గూడ పాడిరి. జాగా ఆటదే. ఇంటికి పో నర్సింగూ" అన్నాడు.

నన్ను ఆ నెలలోనే మార్చేశారు. మరుసటి ఏడు సెలవు పెట్టి ఆటకు వెళ్లాను. టెంపరరీ కనెక్షన్ కోసం ఎవరూ రాలేదని నా స్థానంలో వచ్చిన ఇంజనీరు చెప్పాడు. రాజవ్వను అడిగితే, మీ ఆఫీసుతో మాకేం పని సార్ అంది. జనం నిరుటికంటే ఎక్కువే ఉన్నారు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది: స్విచ్ మా చేతిలో ఉన్నంత మాత్రాన మనుషులు మా చేతిలో ఉన్నట్టు కాదు. ఆపుతామని బెదిరించే ఆఫీసు అవసరం లేకుండా బతకడం జనం తొందరగానే నేర్చుకుంటారు.