అన్నయ్య కోడ్

నేను ఎవరి చెడూ కోరను అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం లేదు. ఇక్కడ టెక్సాస్‌లో, ఇర్వింగ్‌ ఊళ్ళో ఒక మనిషి అప్పుల్లో మునగాలని మూడేళ్ళు కాచుకుని కూర్చున్నాను. మునిగాడు. నాకు సంతోషంగా ఉంది.

అతన్ని అన్నయ్యా అనేదాన్ని. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో కారులో తిప్పి అపార్ట్‌మెంట్ చూపించాడు. ఇక్కడ మనవాళ్ళు ఏది తీసుకున్నా ఎవరి రిఫరల్ కోడ్ పెట్టాలన్నది ముందు చూస్తారు, తీసుకునేదేమిటన్నది తరువాత. పెట్టకపోతే ముఖాలు మాడ్చుకుంటారు. కరెంటు కంపెనీ మారమని అతను చెప్పినప్పుడు నేను చదివింది ఆ కోడ్ ఒక్కటే.

"ఏ పూట మార్కెట్ రేటు ఎంతుంటే అంతకే ఇస్తారమ్మా, మధ్యలో ఎవడూ తినడు. ఆటోపే పెట్టేసి మర్చిపో" అన్నాడు. కోడ్ వాడినందుకు అతని బిల్లులో కొంత తగ్గింది.

నేను ఇంట్లో దోసెల పిండి రుబ్బి డబ్బాల్లో అమ్ముతాను. రెండు పెద్ద గ్రైండర్లు, గరాజ్‌లో రెండు ఫ్రిజ్‌లు. గ్రోసరీ పక్కన చిన్న షాపు అద్దెకు తీసుకోవాలని నాలుగేళ్ళు కూడబెట్టాను. అడ్వాన్స్ కట్టాల్సిన నెలకు ముందే, టెక్సాస్ ఎప్పుడూ ఎరగని ఆ మంచు తుఫాను వచ్చిపడింది.

రాష్ట్రమంతా కరెంటు చాలక రేటు ఆకాశానికెక్కింది. మా వీధికి వచ్చేది హాస్పిటల్‌కి వెళ్ళే లైనే కాబట్టి మాకు కరెంటు తీయలేదు. అతనికి పోయింది. "వచ్చేయండి అన్నయ్యా" అని నేనే ఫోన్ చేశాను. అతను, భార్య, ఇద్దరు పిల్లలు మూడు రోజులు మా ఇంట్లో ఉన్నారు. అన్ని గదుల్లో హీటర్లు, అందరికీ వేడినీళ్ళు, పూటపూటా పెసరట్లు. అతను హీటర్ పక్కన కూర్చుని తిన్నాడు.

ఆ కొద్ది రోజులకే బిల్లు వేల డాలర్లయింది. ఆటోపే ముందు బ్యాంకులో ఉన్నదంతా లాగింది, తరువాత క్రెడిట్ కార్డు మీద పడింది. షాపు వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. కార్డు వడ్డీ కట్టడానికి డబ్బాకు డాలర్ పెంచాను. రెండు కొనేవాళ్ళు ఒకటి కొన్నారు. నా డబ్బాలు పెట్టి అమ్మే గ్రోసరీ అతను ఆర్డర్ సగం చేశాడు. నాకు సాయం చేసే ఆవిడను మానిపించాల్సి వచ్చింది, ఆవిడ పాపం కారు వాయిదా కట్టలేక దాన్ని వదులుకుంది. టీవీలో ఎకానమీ గురించి గీతలు గీసి చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. నా గరాజ్‌కి వస్తే చూపించేదాన్ని.

ఒకరోజు పిండి తీసుకోవడానికి వచ్చి అతని భార్యే చెప్పింది. "మాకు అప్పుడు పెద్ద బిల్లేం పడలేదు వదినా. మీ అన్నయ్య చలికాలం రాకముందే, రేటు మారని ఫిక్స్‌డ్ ప్లాన్‌కి స్విచ్ అయిపోయారు. రేటు ఎగురుతుందని ఎవరో చెప్పారట."

అంటే మూడు రోజులు మా హీటర్ పక్కన కూర్చున్నప్పుడు మా బిల్లు ఎలా ఎగురుతోందో అతనికి తెలుసు. ఆవిడకు డబ్బా ఇచ్చి పంపించాను.

మూడేళ్ళకు అతను ఇళ్ళ మీద సోలార్ పెట్టించే పని మొదలుపెట్టాడు. ఇంటివాళ్ళ నెత్తిన ఇరవై అయిదేళ్ళ లోను, అతనికి కమిషన్. వ్రతాలకు వెళ్ళి, జనం ప్రసాదం తింటుండగా సంతకాలు అడిగేవాడు. నేను ఆ మంచు నాటి నా కరెంటు బిల్లు కాపీలు తీయించి, దాని మీదున్న అతని కోడ్ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ప్రతి డబ్బా మూతకూ అంటించాను. కింద రాశాను: "ఈ కోడ్ ఇచ్చినాయన తను మాత్రం ముందే ఫిక్స్‌డ్‌కి మారాడు. ఏం సంతకం పెడుతున్నారో చదవండి." ఆ కోడ్ చాలామంది ఫోన్లలో ఇంకా ఉంది, ఎవరిదో చూడగానే పోల్చుకున్నారు. సంతకాలు ఆగిపోయాయి.

వస్తుందనుకున్న కమిషన్ చూసుకుని అతను ముందే అప్పులు చేశాడట. ఒక మధ్యాహ్నం గరాజ్‌కి వచ్చాడు. గడ్డం మాసి, సగమైపోయాడు. చూసి ఇక కాగితాలు ఆపేద్దామనుకున్నాను.

"రెండు నెలలుగా ఇంటి మార్ట్‌గేజ్ కట్టలేదమ్మా. నీకు నేనేం అన్యాయం చేశాను?"

"నా షాపు పోయింది అన్నయ్యా."

అతను నా ముఖంలోకి చూశాడు. నటన కాదు, నిజంగానే తెలియదు.

"ఏ షాపమ్మా?" అన్నాడు.

అతను వెళ్ళాక ఇంకో రెండు వందల కాపీలు తీయించాను.