ఎల్సీకి ఎనిమిదేళ్లొచ్చాక దగ్గరైపోయిన బడి

ఎనిడ్ థాక్రేకి జీవితంలో చాలా సంగతులు అర్థం కాలేదు. టీలో పాలు ముందు పోయాలా తర్వాత పోయాలా అని మొగుడు నలభై ఏళ్లు ఎందుకు పోట్లాడాడో అర్థం కాలేదు. కూతురు ఇంత చల్లటి కొండలొదిలేసి ఓడల్లో వంటచెయ్యడానికి ఎందుకెళ్లిందో అసలే అర్థం కాలేదు. అయినా ఆవిడ దేనికీ దిగులుపడే మనిషి కాదు లెండి. యార్క్‌షైర్ కొండల్లో, థార్న్‌గిల్ లోయలో పుట్టి, అక్కడే గొర్రెలు కాసి, వెన్న చిలికి, మోకాళ్లు అరగ్గొట్టుకుంది. ఇప్పుడు మనవరాలు ఎల్సీని పెంచుతోంది.

కానీ ఆ రోజు, ఎల్సీని రోజూ బడికి తీసుకెళ్లే ట్యాక్సీ అతను చెప్పిన మాటకి మాత్రం తల తిరిగిపోయింది.

"పుట్టినరోజు శుభాకాంక్షలు ఎల్సీ తల్లీ! సెలవులయ్యాక నేను రాను మరి."

"రావా? ఏం తప్పు చేసిందయ్యా పిల్ల?"

"తప్పేం లేదమ్మా. ఎనిమిదొచ్చేశాయిగా! ఎనిమిదిలోపు పిల్లలకి బడి రెండు మైళ్లు దాటితే మన జిల్లా కౌన్సిల్ కారు పంపిస్తుంది. ఎనిమిదొస్తే మూడు మైళ్లు దాటాలి. మీది పొలాల్లోంచి కొలిస్తే రెండున్నరే."

"అంటే, పిల్ల పెరిగితే బడి దగ్గరికి జరుగుతుందా?"

"నాకేం తెలుసమ్మా, నేను బండి తోలేవాణ్ణి."

ఎనిడ్‌కి కారు నడపడం రాదు, రోజూ పిల్లని నడిపించుకెళ్లడానికి మోకాళ్లు సహకరించవు. ఆ కారు లేకపోతే ఎల్సీ లీడ్స్ పట్నంలో పెద్దమ్మ దగ్గరికెళ్లి చదువుకోవాలి, అంతే. రెండు రాత్రులు నిద్రపట్టక, మూడోనాడు కౌన్సిల్‌కి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది: పెద్దవాళ్లు తోడున్నా పిల్ల నడవలేనంత ప్రమాదమైన దారైతే కారు ఇస్తారట. గురువారం ఒకాయనొచ్చి నడిచి చూస్తాడట.

ఇంకేముంది, కబురు లోయంతా పాకింది. పక్కింటి విల్ఫ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమే ఎనిడ్, కౌన్సిల్ మనిషి మన దారిన నడుస్తాడా? ఆ దురదగొండి తుప్పలు చూసి ఏమనుకుంటాడే? పశువులనుకోడూ!"

"నిజమేనయ్యో," అంది ఎనిడ్. తనూ చీపురు తీసింది.

చూడండి, వాళ్లు అలాంటివాళ్లు. ఇంటికి పేడ ఎత్తేవాడొస్తున్నా కిటికీలు తుడుస్తారు. బుధవారానికల్లా తుప్పలు కొట్టేశారు, కంచె దాటే మెట్లు బాగుచేశారు. ఊబిలా ఉండే చిత్తడి నేల మీద విల్ఫ్ చెక్కలు పరిచేశాడు. ఎనిడ్ గేటుకి రంగేసి, పండ్ల కేకు కూడా కాల్చింది.

గురువారం పెల్ అనే ఆయనొచ్చాడు, కొత్త బూట్లేసుకుని. ఎనిడ్ కుంటుకుంటూ పక్కన నడిచింది. గేటు గేటుకీ జనం చేతులూపుతున్నారు.

"అబ్బ, ఎంత చక్కటి దారండీ!" అన్నాడు పెల్. "ఇలాంటి దారైతే మా మనవణ్ణి కూడా నిశ్చింతగా పంపిస్తాను."

ఎనిడ్ మురిసిపోయింది. నాలుగడుగులేశాక ఆ మాట మళ్లీ చెవిలో మోగింది. దారి ఇంత బాగుంటే ఇక కారెందుకిస్తారు!

చెక్కల దగ్గర విల్ఫ్ టోపీ తీసి, పెళ్లికొడుకులా నిలబడున్నాడు.

"విల్ఫ్, ఆ చెక్కలు తీసెయ్."

"ఏంటీ?"

"తియ్యవయ్యా బాబూ!"

"నిన్నంతా నడుం విరగ్గొట్టుకుని పరిచానే మహాతల్లీ!"

"అందుకే తియ్యమంటున్నా!"

పెల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఉండండుండండి. ఇవి నిన్ననే వేశారా?"

"మీ కోసమేనండీ," అన్నాడు విల్ఫ్ గర్వంగా.

"మరి నేను వెళ్లాక?"

"మీరెళ్లాక పీకేస్తానండీ. ఇవి మా గొర్రెల కొట్టం తలుపులు! రాత్రికి గొర్రెలు తలుపుల్లేకుండా పడుకుంటాయా ఏంటి?"

పెల్ జేబులోంచి పుస్తకం తీశాడు. "ఇవాళ ఉన్నది రాసుకోవాలా, రేపు ఉండేది రాసుకోవాలా..." అని గొణుక్కున్నాడు. చివరికి, "సరే, తియ్యండి," అన్నాడు. విల్ఫ్ మూతి ముడుచుకుని తలుపులు పక్కకి లాగాడు. పెల్ ఒక్కడుగేశాడు. అంతే, మోకాలి దాకా దిగిపోయాడు! విల్ఫ్ ఒక చెయ్యి, ఎనిడ్ ఒక చెయ్యి పట్టుకు లాగితే మనిషొచ్చాడు గానీ బూటు రాలేదు.

ఎనిడ్ వాళ్లింట్లో పొయ్యి దగ్గర తడిసిన మేజోడు ఆరబెట్టుకుంటూ, అక్కడి అలవాటు ప్రకారం కేకు మీద చీజ్ ముక్క పెట్టుకు తింటూ పెల్ అన్నాడు: "తోడున్నా సరే, ఇది పిల్ల నడిచే దారి కాదమ్మా. నేనలాగే రాస్తాను."

కారు రావడం ఆగలేదు. ఎల్సీ లీడ్స్ వెళ్లలేదు.

కానీ విల్ఫ్ వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఓ పొద్దున కంచె అవతల నిలబడి అడిగాడు:

"ఎనిడ్, ఒక్కటి చెప్పు. నేను పని బాగా చేసినట్టా, పాడుచేసినట్టా?"

ఎనిడ్ ఆరేస్తున్న దుప్పటి తీగ మీదే వదిలేసి కంచె దగ్గరికొచ్చింది.

"బాగానే చేశావు విల్ఫ్. దానివల్లే కొంప మునగబోయింది."

"అంటే?"

"ఏమోనయ్యా. నాకు మాత్రం తెలుసా?" అని, లోపల్నుంచి మిగిలిన కేకు ముక్క తెచ్చి కంచె మీంచి అందించింది.